ఇనుపమేకు తామ్రవిజయము

వినుడు, ఓ శ్రోతలారా! ఉన్న రెండు చెవులు చాలనిచో పక్కవారివి అరువు తెచ్చుకొని వినుడు. భోజనానంతర నిద్రాభారమున పాఠశాల యావత్తు ఆవులించుచుండ, ఏడవ పీరియడు గంట గణగణ మ్రోగిన ఘడియలో, మూడవ అంతస్తు చివర, నాలుగు కుళాయిలుండియు ఒక్కదానిలోనే నీరు వచ్చు రసాయన ప్రయోగశాలయందు, ఒక్క ఇనుపమేకు కొరకు జరిగిన మహాసంగ్రామమును చెప్పుచున్నాను. గోరంతను కొండంత చేయుచున్నానని మీరందురు. అది నా వృత్తి, కానిండు.

ఆ శాలకు ఇరువదిరెండేండ్లుగా ఏకైక దుర్గపాలకుడు అటెండరు. గాజుసామగ్రీసంరక్షణధురంధరుడు, ధూళినిర్మూలనప్రచండుడు, అంచు విరిగిన పరీక్షనాళికను సైతము పారవేయ మనసొప్పని వాత్సల్యమూర్తి. ఆతనికి ఆనాడు పెద్ద గండమే వచ్చిపడెను. విరిగిన బల్లలు దాచుటకు చోటు దొరకక విసిగిన హెడ్మాస్టరు, ఈ గదిలో ప్రయోగము జరుగగా తానెన్నడును చూడలేదనియు, ఈ పీరియడు ముగియులోపల ఒక్కటైనను కన్నులకు చూపనిచో గది బల్లలకును, అటెండరు ఫైళ్ల గదికిని పోవలసినదే అనియు తీర్పు చెప్పియుండెను. చెప్పి ఊరకుండక, చేతిగడియారము విప్పి ముందు పెట్టుకొని చివరి బెంచీపై కొలువుతీరెను.

అంతట కెమిస్ట్రీ మేడమ్, కొలువున చేరి మూడు వారములైనను నిండని నవయోధురాలు, సుద్దముక్కను గదవలె పూని లోహవంశచరిత్రను గానము చేసెను. లోహములన్నియు ఒక్క తీరువి కావనియు, నీరు తగిలినంతనే భగ్గుమను పొటాషియము మొదలు సోడియము, మెగ్నీషియము, జింకు, ఇనుము, రాగి, వెండి అని దిగివచ్చు వరుసలో అట్టడుగున ఎవరి జోలికిని పోని బంగారము కూర్చుండుననియు, ఈ వరుసలో పైనున్నది క్రిందిదానిని ద్రావణమునుండి మెడబట్టి గెంటుననియు, కావున మైలుతుత్తము కలిపిన నీటిలో ఇనుపమేకును ముంచినంతనే అందలి రాగి తన నెలవు కోల్పోయి మేకుమీద ఎర్రని పూతయై పడుననియు ఆమె ఘనముగా ప్రకటించెను. ప్రకటించి మేకును ముంచెను.

నీలిజలములలో మేకు మునిగెను. నలుబదిమంది పిల్లలు మెడలు చాచిరి. ఒక నిమిషము గడచెను, మూడు గడచెను, ఐదు గడచెను. మేకు బెల్లంకొట్టిన రాయివలె ఉలుకుపలుకు లేక నిలిచెను. మేడమ్ రెండవ మేకును దింపెను, మూడవదానిని దింపెను, తుత్తము చాలలేదేమోనని మరి రెండు చెంచాలు కలిపెను. చీమ కుట్టినట్లయినను లేదు.

"ఇంకో పన్నెండు నిమిషాలున్నాయి మేడమ్," అని హెడ్మాస్టరు శాంతముగా గుర్తుచేసెను. ఆ శాంతమే భయంకరము.

చెమటబిందువిరాజితఫాలయై ఆమె ఒక మేకును పైకెత్తి చూచెను. నీరు దానికి అంటక, ముత్యములవలె జారిపోవుచుండెను. ఆమె అటెండరు దగ్గరకు వంగి మెల్లగా అడిగెను.

"బాబాయ్, ఈ మేకులకి ఏమైనా రాశారా?"

ఆతని ఛాతీ పొంగెను. "రాయకుండా ఎలా వదిలేస్తానమ్మా? ప్రతి శనివారం కుట్టుమిషను నూనె పట్టిస్తాను. ఇన్నేళ్లలో ఒక్క మేకు తుప్పు పట్టిందేమో చూడండి."

"నూనె ఉంటే నీళ్లు ఇనుముని తాకవు బాబాయ్. తాకకపోతే ఏమీ జరగదు."

హా! శత్రువెవడో కాదు. ఇరువదిరెండేండ్ల శనివారములు, ప్రేమతో తడిపిన గుడ్డపేలిక, ఇదే ఆ మేకుల కవచము! కాపాడిన చేయియే కొంప ముంచినది. అటెండరు ముఖము చిన్నబోయెను. ఫైళ్ల గదిలో కిటికీ కూడ లేదని ఆతనికి తెలియును.

కాని ఆ వీరుడు అంతటితో ఆగలేదు. మేకును లాగికొని, నీరున్న ఆ ఒక్క కుళాయిపై లంఘించి, సబ్బుతో ముమ్మారు కడిగి, గరుకుకాగితమును పిడికిట బిగించి, పాదములు నేలకు తన్నిపట్టి, బుసలుకొట్టుచు, నూనెపొరవిదారణదీక్షాదక్షుడై రుద్దెను, తిప్పి రుద్దెను, బొటనవ్రేలి గోరు చివర విరిగినను రుద్దెను. నలుపు పోయెను. జిడ్డు పోయెను. తాను నిగనిగలాడించిన మేకును తానే గీతలుపడునట్లు గీకుట ఆతనికి ఎంత కష్టమో ముఖము చూచిన ఎవరికైనను తెలియును. మూడు నిమిషములు మిగిలియుండగా మేకు మరల మునిగెను.

మొదట మేకు అంచున మసకమసకగా ఏదో తోచెను. అది గులాబి రంగాయెను. ఆపై, మునిగినంత మేర, ఎర్రమట్టి పూసినట్లాయెను. హెడ్మాస్టరు లేచి వచ్చి, పట్టకారుతో మేకును తీసి, బొటనవ్రేలితో రాచి చూచెను. వ్రేలికి ఎరుపు అంటెను.

"ఇది పెయింటు కాదుగా?" అని ఆయన అడిగెను.

"రాగి సార్," అనెను అటెండరు. "ఇనుము గెంటేసింది."

ఆ మాట ఆతడు చెప్పిన తీరు విని మేడమ్ తల పక్కకు తిప్పుకొనెను. గంట మ్రోగెను. హెడ్మాస్టరు వ్రేలి ఎరుపును జేబురుమాలుకు తుడుచుకొని, బల్లలను ప్రస్తుతానికి తన గదిలోనే వేయించుడని చెప్పి, వచ్చిన దారినే పోయెను.

జయము, జయము! అంగుళమున్నర మేకుపై ముప్పాతిక అంగుళము ఎరుపు, అదియును గట్టిగా తుడిచిన పోవునది! ఆ సాయంకాలము అటెండరు ఆ మేకును కడగలేదు, తుడవలేదు. దానిని ఒక ఖాళీ సీసాలో వేసి, మూత బిగించి, చీటీపై తేదీ వ్రాసి, అద్దాల బీరువాలో అందరికిని కనబడునట్లు ముందువరుసలో నిలిపెను.