వదిన గదిలో శరణాలయం

మా వీధిలో మొట్టమొదటి శరణాలయం ఇటీవల దిగ్విజయంగా ప్రారంభమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అందులో ఆశ్రయం పొందినవారు ఒక్కొక్కరూ నువ్వుగింజలో సగమైనా ఉండరు. అయినా వారి క్షేమం కోసం ఒక ఇల్లు ఇల్లంతా తలకిందులైంది. లోకంలో దయ ఇంకా బతికే ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

వ్యవస్థాపకుల్ని మేం సముద్రంగారంటాం. బ్యాంకులో ఆఫీసరు. హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టిన నాటి నుంచి ఆయన అసలు పేరు బ్యాంకువాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆ మధ్య ఒక చేపను తెచ్చారు. చిటికెన వేలంత ఉంటుంది. నీలం మీద నారింజ చారలు, ఎవరో తీరిగ్గా కూర్చుని సూదితో కుట్టినట్టు. ఆ చేపకో నియమం ఉంది: బతికున్న పురుగుల్ని తప్ప మరొకటి ముట్టదు. తొట్టిలో పురుగులు అయిపోగానే నిరాహారదీక్ష మొదలుపెట్టింది. పొట్ట లోపలికి పోయింది. సముద్రంగారికి ముద్ద దిగలేదు. బ్యాంకుకు సెలవు పెట్టి తొట్టి ముందే కూర్చున్నారు. అంతకు ముందు భార్య జ్వరంతో మంచం పట్టినప్పుడు ఆయనకు సెలవు దొరకలేదు. బ్యాంకుల్లో పని ఒత్తిడి అలాంటిది.

చేపల కొట్టాయన వచ్చి చూసి పెదవి విరిచాడు.

“దీనికి రెఫ్యూజియం, అంటే పురుగులకో శరణాలయం, పెట్టాల్సిందే సార్. సంప్‌లో ఒక అర కట్టి, నాచు వేసి, పైన లైటు పెడితే పురుగులు హాయిగా పిల్లల్ని పెడతాయి. అక్కడ వాటి జోలికి ఎవరూ రారు.”

ఆ చివరి మాట సముద్రంగారి గుండెకు తగిలింది. సంప్ అంటే ఇంటి ముందు నేలలో తవ్వే నీళ్ల సంప్ కాదు. అక్వేరియం చాటున ఉండే రెండో గాజు తొట్టి. పై తొట్టి మురికి అందులోకి దిగి, శుభ్రపడి, పంపు ద్వారా మళ్లీ పైకి వెళ్తుంది. ఉన్న సంప్‌లో చోటు చాలదు కనుక పెద్దది కావాలి. పెద్దదానికి గది కావాలి. ఇంట్లో ఖాళీ గది కోసం సర్వే జరిగింది. ఆయన పేపరు చదివే గది ఖాళీ కాదు, అందులో పేపర్లున్నాయి. చుట్టాల గది ఖాళీ కాదు, చుట్టాలు రావచ్చు. హాలు గోడకు అవతలి గది మాత్రం పూర్తి ఖాళీగా కనబడింది. అందులో ఆయన భార్య, ఆమె కుట్టుమిషను, వీధిలో సగం మంది బట్టలు తప్ప ఏమీ లేవు. ఆమెను మేం కుట్టు వదిన అంటాం.

“నువ్వు ఎక్కడైనా కుట్టుకోగలవు. పాపం, అవెక్కడికి పోతాయి?” అన్నారు సముద్రంగారు.

“అవి మీకు ఫోన్ చేసి ఏడ్చాయా?” అంది వదిన.

హాస్యం సమస్యకు పరిష్కారం కాదని చెప్పి, ఆయన సొంత ఇంటి గోడకే కన్నం వేయించారు. మూడు అరల సంప్ వచ్చింది. మొదటి అరలో మురికి తీసే యంత్రం, చివరి అరలో పంపు. నడిమి అరలో రాళ్లు, చిక్కుపడ్డ నైలాన్ దారంలాంటి పచ్చటి నాచు, కొట్టాయన సీసాలో తెచ్చిన పురుగులు.

ఆ సాయంత్రమే కరెంటు పోయింది. పంపు ఆగింది. హాల్లో తొట్టి నీళ్లు పైపులోంచి వెనక్కి జారి సంప్‌లోకి, సంప్ పొంగి గదిలోకి, అక్కడి నుంచి వదిన కుట్టి మడతపెట్టిన స్కూలు యూనిఫారాల్లోకి ప్రవహించాయి. ఆరిన చొక్కాల మీద తెల్లటి ఉప్పు మరకలు తేలాయి. వదిన అన్నీ మళ్లీ ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. బట్టలు ఆలస్యమయ్యాయని మేం నొచ్చుకున్నాం. సముద్రంగారు హాల్లో పైపుకు నీటిమట్టానికి కాస్త కిందుగా బెజ్జం పెట్టారు. నీళ్లు కొంచెం తగ్గగానే అందులోంచి గాలి చొరబడి ధార తెగిపోతుందట. “మంచి సాంకేతిక అనుభవం,” అన్నారు.

మర్నాడు వదిన మిషను హాల్లోకి వచ్చింది, సరిగ్గా అక్వేరియం ముందుకు. దానితోపాటు కొలతలిచ్చేవాళ్లూ వచ్చారు. “అన్నయ్యగారూ, కాస్త అవతలికి వెళ్తారా?” అని వాళ్లు మర్యాదగా అడిగేవారు. సముద్రంగారు తన హాల్లోంచి లేచి వెళ్లి, పురుగుల గదిలో స్టూలు మీద కూర్చునేవారు. ఆయన అంకితభావం చూసి మేం ముగ్ధులమయ్యాం.

ప్రారంభోత్సవానికి మా వీధి సంఘం అధ్యక్షులవారు వచ్చారు. ఆయనకు రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీ ఉంది. గాజు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

“బలహీనుడికి ఒక గూడు! తిండి ఉచితం, వెలుగు ఉచితం, పెద్ద చేపల బెడద లేదు! సమాజానికి ఇంతకన్నా ఆదర్శం ఏముంటుంది?”

చప్పట్లు ఆగాక, టీలు అందిస్తున్న వదిన అడిగింది. “మరి అవి పెరిగాక?”

“పెరిగాక ఏముంది, నీళ్లతోపాటు పంపు లాగి హాల్లోకి తోస్తుంది. చేప తింటుంది. అందుకేగా పెంచేది!” అన్నారు సముద్రంగారు.

అధ్యక్షులవారు వంగి పంపును చాలాసేపు పరిశీలించారు. తర్వాత ముందుగా చప్పట్లు కొట్టింది ఆయనే.

చేప పొట్ట నిండింది. సముద్రంగారికి ముద్ద దిగడం మొదలైంది. అంతలో అధ్యక్షులవారు స్వయంగా వాళ్లింటికి వచ్చారు. మేమూ వెంట వెళ్లాం.

“అమ్మా, హాల్లో ఇబ్బంది పడుతున్నావు. మా ఫ్యాక్టరీ పక్కన ఆడవాళ్ల కోసం కుట్టు నిలయం కట్టాను. గది ఉచితం, మిషను ఉచితం, లైటు ఉచితం. మీ జోలికి ఎవరూ రారు. హాయిగా కుట్టుకోండి.”

వదిన పళ్ల మధ్య ఉన్న గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టింది.

“అంతా బాగుంది అన్నయ్యగారూ. పంపు ఎటువైపు పెట్టారు?”

అధ్యక్షులవారు నవ్వారు. మేమూ నవ్వాం. సముద్రంగారు నవ్వబోయి ఆగిపోయారు. మర్నాడు ఆయన తను చదివే గదిలోని పేపర్లన్నీ పాత సామాన్లవాడికి వేసి, మిషను తనే ఎత్తి ఆ గదిలో పెట్టారు. నడుం పట్టేసింది. ఈసారి సెలవు దొరికింది.

వదిన అడిగిన ప్రశ్నను సంఘం ‘సూచన’గా స్వీకరించి, తదుపరి సమావేశానికి వాయిదా వేసింది. ఈలోగా కుట్టు నిలయంలో చేరదలచినవారి వరుస వీధి మలుపు దాటింది. లోపల ఏసీ కూడా ఉందట.