తొంభై ఎనిమిది శాతం జోస్యం

సోమవారం పొద్దున కొత్తమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకు చేరడం, భోజనాల వేళకల్లా మేనేజరు చెప్పిన పని ముగించడం, సాయంత్రం అక్కతో కలిసి కిటికీ తెరలకు గుడ్డ కొనడం. శుక్రవారంతో ఆమె ఆరు నెలల గడువు తీరుతుంది. ఆ రోజు కంపెనీ యజమానురాలు సంతకం పెడితే ఉద్యోగం ఖాయమవుతుంది. పెట్టకపోతే పెట్టె సర్దుకుని ఊరికి బస్సెక్కడమే.

"ఇంతకీ మీ సారు చెప్పిన పనేంటే?" అంది అక్క, చెప్పుల కోసం మంచం కిందకి వంగి.

"మా కంపెనీలో ఎవరెవరు ఉద్యోగం మానేస్తారో ముందే కనిపెట్టే ప్రోగ్రాం రాయాలట."

"నీకు ప్రోగ్రాములు రాయడం వచ్చా?"

"రాదు. చాట్‌బాట్‌కి వచ్చు."

"దానికి మీ కంపెనీ సంగతులు తెలుసా?"

"అవి నాకు తెలుసుగా!"

"సరిపోయింది. గుడ్డివాడి భుజం మీద కుంటివాడు," అని అక్క చెప్పు దులిపింది.

ఆ కంపెనీ అట్టపెట్టెలు తయారు చేస్తుంది. మనుషులు అరవై మంది. ఇలాంటి ప్రోగ్రాములు పెద్ద పెద్ద కంపెనీల్లో ఉన్నాయని యజమానురాలు ఏదో సభలో విని వచ్చి మేనేజరుకు చెప్పింది. మేనేజరు నీళ్లు పల్లానికి తోసినట్టు ఆ పనిని సిబ్బంది ఫైళ్లు చూసే కొత్తమ్మాయి బల్ల మీదికి తోశాడు. ఆయన్ని వెనకాల అందరూ మిరపకాయ సారు అంటారు. పొద్దున్నే ఎవరో ఒకరిని తిట్టనిదే ఆయనకు టీ గొంతు దిగదు.

కొత్తమ్మాయి గత అయిదేళ్ల సిబ్బంది వివరాలన్నీ ఒక పట్టికగా చేసింది. వయసు, విభాగం, సెలవులు, ఇంటి దూరం, ఆలస్యంగా వచ్చిన రోజులు. స్టోర్ రిజిస్టర్లో ఉన్న గళ్లను కూడా వదల్లేదు. ఎక్కువ పెడితే యంత్రానికి ఎక్కువ తెలుస్తుందనుకుంది. పట్టిక మొత్తం చాట్‌బాట్‌కి ఇచ్చి, ప్రోగ్రాం రాసిపెట్టమంది.

అది క్షణంలో గజం పొడుగు ప్రోగ్రాం రాసింది. కొత్తమ్మాయి దాన్ని నడిపితే కంప్యూటర్ తెర నిండా తప్పులు చూపే ఎర్ర అక్షరాలు. "క్షమించండి, పొరపాటు నాదే," అని చాట్‌బాట్ దిద్దింది. మళ్లీ ఎర్ర అక్షరాలు. మళ్లీ క్షమాపణ. నాలుగోసారికి, ఇంత మర్యాదస్తుణ్ణి ఇబ్బంది పెడుతున్నానే అని ఆమెకే సిగ్గేసింది. అయిదోసారి నడిచింది.

"అభినందనలు! మీ ప్రోగ్రాం తొంభై ఎనిమిది శాతం కచ్చితంగా చెబుతోంది. ఇది అసాధారణమైన ఫలితం," అంది చాట్‌బాట్.

కింద, మానేసేవాళ్లవంటూ తొమ్మిది పేర్లు వచ్చాయి. తొమ్మిది మందీ ప్రింటింగ్ షెడ్డు వాళ్లే.

మేనేజరు కాగితం చూసి కుర్చీలో కూలబడ్డాడు. "షెడ్డుకి షెడ్డే లేచిపోతుందా? వచ్చే నెల లక్ష పెట్టెల ఆర్డరుంది. బొమ్మలు ఎవరు వేస్తారు, నువ్వా?"

"ఏం చెయ్యాలో కూడా చాట్‌బాట్‌ని అడిగానండి. వాళ్లని మెచ్చుకోవాలట. నవ్వుతూ పలకరించాలట. యోగక్షేమాలు కనుక్కోవాలట."

"నవ్వుతూనా?" అన్నాడు ఆయన, ఆపరేషన్ అని విన్న మనిషిలా.

"నవ్వుతూనేనండి."

మంగళవారం ఆయన ప్రింటింగ్ షెడ్డులోకి వెళ్లి, తొమ్మిది మందినీ ఒక్కొక్కరినే భుజం తట్టి, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. మేస్త్రీ చేతిలోని రంగు డబ్బా జారి ఆయన బూట్ల మీదే ఒలికింది. "ఫరవాలేదయ్యా, రంగు భలే కలిపావు," అన్నాడు మేనేజరు.

బుధవారం పొద్దున్నే మేస్త్రీ కొత్తమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"తల్లీ, నిజం చెప్పు. మమ్మల్ని ఎప్పుడు తీసేస్తున్నారు?"

"తీసెయ్యడమేంటండీ? మీరంటే సారుకి ఎంత గౌరవమో!"

"అదేనమ్మా మా భయం. నువ్వు కొత్త, నీకు తెలీదు. పదేళ్లలో ఆయన ఇద్దరిని చూసే నవ్వాడు. ఇద్దరికీ ఆ వారమే ఉద్వాసన. మా ఆవిడ రాత్రి అన్నం కూడా తినలేదు."

"అయ్యో, ఈసారి అలా కాదండీ..."

"బూట్ల మీద రంగు పోస్తే మెచ్చుకున్నాడు తల్లీ! ఇంకేం మిగిలింది?"

కంగారుపడిన కొత్తమ్మాయి ఈ మాట మేనేజరు చెవిన వేసింది. నవ్వు చాలలేదన్నమాట అనుకుని ఆయన మధ్యాహ్నం షెడ్డుకు రెండు కొత్త ఫ్యాన్లు పెట్టించాడు. ఫ్యాన్లు బిగిస్తుండగానే, ఇవి తమ తర్వాత వచ్చేవాళ్ల కోసమేనని తొమ్మిది మందీ తేల్చేసుకున్నారు. సాయంత్రం షిఫ్టు దిగాక అందరూ కట్టగట్టుకుని రోడ్డుకి అవతల ఉన్న పెట్టెల కంపెనీకి వెళ్లి దరఖాస్తులిచ్చారు. ఈ లోగా ఫ్యాన్లు రాని కటింగ్ షెడ్డు వాళ్లు, "మేమేం పాపం చేశాం?" అని మూతులు ముడుచుకున్నారు.

గురువారం కొత్తమ్మాయి ఏదో ఫారం కోసం స్టోర్‌కి వెళ్లింది. స్టోర్ కీపర్‌ని అందరూ బాబాయ్ అంటారు. ఆయన బల్ల మీద తొమ్మిది తాళంచెవులు వరసగా పరిచి ఉన్నాయి.

"ఇవేంటి బాబాయ్?"

"ప్రింటింగ్ వాళ్ల లాకర్లవి. తుప్పు పట్టాయి కదా, రంగు వేయిస్తున్నాం. పోయిన వారం అందరి దగ్గరా తీసుకుని రిజిస్టర్లో 'తాళం వాపసు' అని రాసుకున్నా."

కొత్తమ్మాయి రిజిస్టరు లాక్కుని చూసింది. ఆ గడి ఆమె పట్టికలో ఉంది. ఉద్యోగం మానేసినవాడు వెళ్లే రోజున తాళం ఇచ్చి వెళతాడు. అయిదేళ్లలో మానేసిన ప్రతి మనిషికీ ఆ గడిలో 'వాపసు' అనే ఉంది. యంత్రం దాన్నే పట్టుకుని, తాళం ఇచ్చినవాడల్లా మానేస్తాడని నేర్చుకుంది.

విషయం విని బాబాయ్ పగలబడి నవ్వాడు. "గొడుగులు తెరుచుకున్నాయి కాబట్టి వాన పడుతుందని చెప్పిందన్నమాట! దీనికి తొంభై ఎనిమిది శాతమా? నేనైతే నూరు శాతం చెప్పేవాణ్ణి కదమ్మా!"

ఆమె బల్ల దగ్గరికి పరిగెత్తి ఆ సంగతి చాట్‌బాట్‌కి చెప్పింది. "చాలా చక్కగా గమనించారు!" అంది అది. ఆ గడి తీసేసి మళ్లీ లెక్క కట్టించింది. యాభై ఒక్క శాతం. నాణెం ఎగరేసి చెప్పినా అంతే వస్తుంది.

శుక్రవారం పదింటికి యజమానురాలి గదిలో కొత్తమ్మాయి నోరు తెరిచేలోపే మేనేజరు ఆరు కవర్లు బల్ల మీద పెట్టాడు.

"ఆరు రాజీనామాలు మేడమ్. ఆరుగురినీ రోడ్డవతలి కంపెనీ తీసుకుందట. ఆరూ అమ్మాయి జాబితాలోని పేర్లే!"

యజమానురాలు కొత్తమ్మాయి వైపు కళ్లార్పకుండా చూసింది. "నాలుగు రోజుల ముందే చెప్పేశావా? మా పక్కింటి జ్యోతిష్కుడు కూడా ఇంత బాగా చెప్పలేడు. ఇటివ్వు నీ కాగితం, సంతకం పెడతాను."

కలం మూత తీసిన చప్పుడు కూడా వినబడింది. నోరు మూసుకుంటే చాలు, ఉద్యోగం ఖాయం. కొత్తమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుని గోళ్లతో అరచేతిని గిచ్చుకుంది.

"పెట్టకండి మేడమ్. నా లెక్క తప్పు," అంది. తాళంచెవుల సంగతి, నవ్వు సంగతి, ఫ్యాన్ల సంగతి అన్నీ చెప్పేసింది. "వాళ్లు వెళ్లిపోతారని నేను కనిపెట్టలేదండి. అలా చెప్పి, నేనే వెళ్లగొట్టాను."

మేనేజరు తన బూట్ల మీది రంగు మరకను దీక్షగా చూస్తున్నాడు. యజమానురాలు ఆరుగురినీ పిలిపించి, ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదని తన నోటితో చెప్పింది. అయిదుగురు అక్కడికక్కడే తమ కవర్లు వెనక్కి తీసుకున్నారు. మేస్త్రీ మాత్రం కదలలేదు.

"నాది ఉంచండమ్మా. మా ఆవిడ పనిచేసేది ఆ రోడ్డవతల కంపెనీలోనే, ఇక్కడి షిఫ్టు వేళలు తనవాటితో కలవవు. అక్కడైతే ఇద్దరం ఒకే బండి మీద వెళ్లి రావచ్చని మూడేళ్లుగా అనుకుంటున్నా."

"మూడేళ్లా? మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదండి," అన్నాడు మేస్త్రీ, అది చాలా మామూలు సంగతన్నట్టు.

యజమానురాలు ఆ కవరును పక్కన పెట్టి కొత్తమ్మాయి కాగితం ముందుకు లాక్కుంది. "తప్పు దాచితే ఈ రోజు నీకు మేలు జరిగేది. దాచలేదు. అందుకే పెడుతున్నా," అని సంతకం చేసింది. "సోమవారం నుంచి ఆ యంత్రాన్ని కట్టిపెట్టు. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, ఇక్కడ ఉంటారా వెళతారా అని మర్యాదగా అడుగు. ఎవరేం చెప్పినా నీకూ నాకూ మధ్యే ఉంటుంది."

సోమవారం కొత్తమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని బయలుదేరింది. సాయంత్రానికి పదకొండు మందిని అడిగింది. పదిమంది ఉంటామన్నారు.

పదకొండో మనిషి లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి, తనకు వెళ్లిపోవాలనే ఉందని ఒప్పుకున్నాడు. ఆయన మేనేజరు.