మావయ్యగారి రంపం

పెళ్లయిన ఇన్నేళ్లలో మావయ్యగారు అల్లుణ్ణి నమ్మి చేతికిచ్చిన మొదటి వస్తువు ఆ మోటారు రంపం. పెరట్లో దుంగలన్నీ కోసేసి, సాయంత్రం ఆయన వచ్చేసరికి ఇంట్లో చలి కాచుకునే పొయ్యి వెలిగించి, ఒక్కసారైనా ఆయన నోట "భేష్" అనిపించుకోవాలని అల్లుడి ఆశ. కట్టెలు కొట్టేవాణ్ణి పిలుద్దామని భార్య పొద్దున్నే అంటే, అందుకే పెడచెవిన పెట్టాడు.

చైన్ పదునుగా ఉంటే చెక్క పెచ్చులు లేస్తాయనీ, మొద్దుబారితే పిండి రాలుతుందనీ, నేలకి తగిలిందో ఇక దాని పని అంతేననీ మావయ్యగారు ఇచ్చేటప్పుడే చెప్పారు. దుంగ మీద పెట్టీపెట్టగానే పిండి రాలింది. తాను సరిగా నొక్కడం లేదు కాబోలని అల్లుడు ఒళ్లంతా బరువేసి నొక్కాడు. పొగ లేచింది. నేలకి ఎప్పుడు తగిలించాడో గుర్తులేదు గానీ, తగిలించే ఉంటాడు. తన చేతి మహిమ తనకి తెలీదా! ప్రాణం ఉసూరుమంది.

ఆకురాయి తెచ్చి చైన్ పళ్లు రాయడం మొదలుపెట్టాడు. కుడిచేతివాటం మనిషి. ఒక వరస పళ్లు చక్కగా కుదిరాయి. రెండో వరసకి చెయ్యి తిరగక ఏదో అయిందనిపించాడు. ఇక రంపం తిన్నగా ఎందుకు దిగుతుంది? వంకర తిరిగి దుంగ నడుమ బిగుసుకుపోయింది. దాన్ని విడిపించడానికి పక్కింటాయన్ని బతిమాలి ఆయన రంపం తెచ్చాడు. దుంగ బరువుకి కోత మూసుకుపోయి అదీ అక్కడే ఇరుక్కుంది. భార్య పల్లెత్తు మాట అనకుండా రెండో స్వెటర్ తొడుక్కుంది. తిట్టినా బాగుండేదని ఏడుపొచ్చింది అతనికి.

సాయంత్రం అత్తమామలు వచ్చారు. అత్తగారు చలికి వణుకుతూ లోపలికి వెళ్లారు. మావయ్యగారు పెరట్లోకి వచ్చి దుంగనీ, రెండు రంపాలనీ, కింద పిండినీ చూశారు.

"మీ రంపాన్ని చంపేశాను మావయ్యగారూ," అన్నాడు అల్లుడు. "నేలకి తగిలించినట్టున్నాను."

ఆయన కిటికీ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు. "నువ్వు కాదు బాబూ. పోయిన వారం నేనే బండకి తగిలించాను. పదును పెట్టడం నాకూ రాదు. రంపం కొనొద్దని మీ అత్తయ్య అప్పుడే మొత్తుకుంది. అందుకే నీకిచ్చాను."

ఇంతలో కిటికీలోంచి అత్తగారు, రంపానికి ఏమైందని అడిగారు. మావయ్యగారి మొహంలో నెత్తుటిచుక్క లేదు. అల్లుడు ఆ మొహాన్ని చూశాడు, ఇరుక్కున్న రంపాల్ని చూశాడు. ఇక పోయేందుకు తనకి మిగిలిన పరువేముంది?

"నేనే పాడుచేశాను అత్తయ్యగారూ."

మావయ్యగారు అతని వీపు తట్టి, చెవిలో "భేష్" అన్నారు.

భార్య మూడో స్వెటర్ కోసం వెళ్లింది.