ఒకటి కింద రెండు, నడుమ గీత

ఆదివారం ఉదయం వరప్రసాద్ పెట్టుకున్న పని చిన్నది. తండ్రి ఫోను నెమ్మదైంది, దాన్ని బాగుచేయాలి. తర్వాత స్నానం చేసి కోత పండుగకు చర్చికి పోవాలి. ముడిమ్యాల చర్చిలో ఆ రోజు ప్రేమ విందు. నూట యాభై మందికి గోబిపువ్వు కూర. పువ్వులు అతని తండ్రి సాముయేలు తోటవి. వడ్డనకు కిరాయి గిన్నెలు తేవడానికి సాముయేలు పొద్దున్నే మొయినాబాద్ పోయాడు. ఆయన ఫోను కొడుకు చేతిలోనే ఉంది.

వరప్రసాద్‌ది పట్నంలో కంప్యూటర్ ఉద్యోగం. ఇంటికోసం ఒక వికీ పెట్టాడు. కావలసినవన్నీ పేజీలుగా రాసి దాచుకునే చోటు అది. అమ్మ మాత్రల వేళలు, బోరు మోటారు సంగతులు, తోటకు కొట్టే మందు లెక్క, అన్నీ అందులో ఉంటాయి. మందు లెక్క మొదట్లో మాటల్లో ఉండేది. లీటరు నీళ్లకు అర మిల్లీ. అది అతనికి అందంగా కనబడలేదు. పాఠ్యపుస్తకంలో లాగ పైన ఒకటి, నడుమ గీత, కింద రెండు వచ్చేటట్టు మార్చాడు. వీపుకు తగిలించి మందు కొట్టే పంపు నిండా నీళ్లకు మందు ఎంతో లెక్కగట్టే కంప్యూటర్ కోడు రాసి, నల్ల పెట్టెలో రంగు అక్షరాలతో కింద పెట్టాడు. తన లాప్‌టాప్‌లో చూసుకుని మురిసిపోయాడు. "ఇగ దీంట్ల చూసి కొట్టు బాపు" అని తండ్రికి చెప్పాడు. సాముయేలు తల ఊపాడు. ఆయన మాటలు తక్కువ మనిషి.

ఇప్పుడు అదే పేజీ తండ్రి ఫోనులో తెరిచాడు. పాత ఫోనుకు ఆ సొగసులు ఎక్కలేదు. గీత లేదు. ఒకటి, రెండు పక్కపక్కన చేరాయి. లీటరు నీళ్లకు మందు 12 మిల్లీ. కింది పెట్టెలో రంగులు రాలేదు. నలుపు మీద నలుపు, కోడు ఉన్నట్టే లేదు.

వరప్రసాద్ ఫోను పట్టుకుని వంటింట్లోకి పోయాడు.

"అమ్మా, బాపు గోబికి మందు ఎప్పుడు కొట్టిండు?"

"పది దినాలాయె," అంది తల్లి పద్మమ్మ. "నువ్వు రాసిన పేజీ చూసుకుంటనే పోయిండు. రెండుసార్లు చూసిండు. ఏం, ఎందుకు?"

"ఏం లే."

అర ఎక్కడ, పన్నెండు ఎక్కడ. ఇరవై నాలుగింతలు. ఆ లెక్క మాత్రం ఏ కోడూ లేకుండానే తేలింది.

చర్చికి పరుగెత్తాడు. వెనక పొయ్యి మీద కూర ఉడుకుతోంది. వంట చూసే ప్రేమజ్యోతి గరిటెతో ఉప్పు చూస్తోంది. నిజం చెబితే తండ్రి పరువు పోతుంది.

"అక్కా, కూర ముట్టకు. పురుగున్నది."

"పురుగు లేని గోబి యాడుంటది తమ్మీ? ఉన్నా గింతసేపు ఉడికినంక ఏం జేస్తది?" అని ఇంకో చెంచా నోట్లో వేసుకుంది.

"పురుగు గాదక్కా. మందు. బాపు జర ఎక్కువ కొట్టిండు."

"జర అంటే?"

"ఇరవై నాలుగింతలు."

గరిటె కింద పడింది. ప్రేమజ్యోతి కడుపు పట్టుకుని కూలబడింది. "గందుకేనా పొద్దటిసంది నాకు ఎట్లనో అయితున్నది." కూర రుచి చూసిన మరో నలుగురికీ నొప్పి మొదలైంది.

అంతలో పక్క తోట హన్మయ్య వచ్చాడు. "నిన్న మీ గోబి ఆకులు నా బర్రెకేసిన. పండుకున్నది, లేస్తలేదు."

"రోజూ ఎప్పుడు లేస్తది?" అని అడిగాడు వరప్రసాద్.

"పదింటికి."

"ఇప్పుడెంత?"

"తొమ్మిదిన్నర. అయినా నాకు భయమైతున్నది."

పాస్టరు రత్నాకర్ మైకు అందుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. అందులో మందు, తోట, సాముయేలు, మూడు మాటలూ వచ్చాయి. దాంతో ఇంకా ఏమీ తినని పదకొండు మందికి కూడా కడుపులో తిప్పింది. మూడు ఆటోలు చేవెళ్ల దవాఖానకు పోయాయి. మిగిలినవాళ్లు గుంట తవ్వి, కూరంతా పోసి, మట్టి కప్పారు.

వరప్రసాద్ గుంట పక్కనే కూర్చున్నాడు. దవాఖాన నుంచి ఫోను వస్తుందని భయం. రాకపోతే ఇంకా భయం. ఎవరికైనా ఏమన్నా అయితే అందరూ బాపును అంటారు. మందు కొట్టిన చెయ్యి బాపుది. పేజీ తనది.

ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. సాముయేలు దిగి, గిన్నెలు దించి, గుంట వైపు చూశాడు.

"కూరేది?"

"బాపు, గోబికి మందు ఎంత కొట్టినవ్?"

"ఎప్పటి లెక్కనే. పంపుకొక మూత." జేబులోంచి పాత సీసా మూత తీసి చూపించాడు. ఇరవై ఏళ్లుగా అదే కొలత.

"ఫోనుల పన్నెండని ఉన్నది గద."

"ఉండె. రెండుసార్లు చూసిన. పన్నెండు కొడితే తోట ఉంటదా?"

"మరి తప్పున్నదని నాకు చెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి."

అప్పుడే దవాఖాన నుంచి ప్రేమజ్యోతి ఫోను చేసింది. "డాక్టరు చూసిండు తమ్మీ. ఎవ్వరికీ ఏం లేదంట. ఆకలైతున్నది, మాకు జర కూర ఉంచున్రి."

బర్రె పదింటికి లేచింది. నూట యాభై మంది అన్నంలో పచ్చిపులుసు పోసుకుని తిన్నారు.

సాయంత్రం వరప్రసాద్ పేజీ సరిచేసి తండ్రి ఫోనులోనే చూపించాడు. ఒకటికీ రెండుకూ నడుమ గీత వచ్చింది. కింద కోడు రంగురంగులుగా వెలిగింది.

"గీత మంచిగున్నది" అన్నాడు సాముయేలు. ఫోను గూట్లో పెట్టి, మూత జేబులో వేసుకుని తోటకు పోయాడు.