తుపాకి రాకముందే

కువైట్‌లోని జహ్రా వాస్తవ్యులు అబూ నాసర్ గారికి తుపాకి కాల్చే పోటీల మీద మోజు పుట్టిందని సమస్త ప్రజానీకానికి తెలియజేయడమైనది. ఒకచోట నిలబడి చుక్కను కాల్చే పాతకాలపు పోటీ కాదు. పరుగెత్తాలి, వంగాలి, గోడచాటు నుంచి అట్టమనుషుల్ని కాల్చాలి. నల్ల అట్టలు దొంగలు, తెల్ల అట్ట అమాయకుడు. అమాయకుడికి తగిలితే మార్కులు కోత.

మోజు పుట్టిన వారంలోనే తోలు బెల్టు, పసుపు కళ్లద్దాలు, చెవులకు మూతలు, గెలిచాక పట్టుకోవడానికి వెండి కప్పు వచ్చేశాయి. తుపాకి ఒక్కటే రాలేదు. లైసెన్సు కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో గానీ, అంతమాత్రాన క్రీడాస్ఫూర్తి ఆగుతుందా? అబూ నాసర్ గారు రెండు వేళ్లు చాచి పరుగెత్తేవారు. "ఠాప్! ఠాప్!" అనే బాధ్యత డ్రైవరు పెంచల్‌ది. కడప జిల్లా నుంచి కారు తోలడానికి వచ్చిన పెంచల్, ఠాప్ అన్న వెంటనే స్క్రూడ్రైవరుతో నల్ల అట్ట గుండెలో బొక్క పొడిచేవాడు. అక్కడి పనివాళ్లకు యజమాని అంటే బాబా. బాబా గురి ఏనాడూ తప్పలేదు. జీతమిచ్చేవాడి గురి తప్పించే డ్రైవరు కువైట్‌లో ఇంకా పుట్టలేదు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. బాబా కుటుంబసమేతంగా సౌదీకి పరుగు తీశారు. పరుగులో ఆయనకు మంచి అభ్యాసం ఉంది. పెంచల్ పాస్‌పోర్టు మాత్రం, ఆనవాయితీ ప్రకారం, బాబా బీరువాలోనే ఉండిపోయింది.

ఆ బీరువాను ఒక ఇరాకీ అధికారి పగలగొట్టించాడు. ఒక చేత్తో పాస్‌పోర్టు, ఇంకో చేత్తో బెల్టు పట్టుకుని, బొక్కలు పడ్డ అట్టమనుషుల్ని చూశాడు.

"తుపాకి ఎక్కడ?"

"మాఫీ సార్! తుపాకీ మాఫీ! లేనే లేదు! వట్టి యేళ్లతోనే కాల్చేది. నా పిల్లోల మీద ఒట్టు!"

"తుపాకి చూపిస్తే పాస్‌పోర్టు ఇస్తా. లేకపోతే నువ్వు ఖలాస్."

మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియా నుంచి ఊరి మనుషులు బస్సుల్లో బయల్దేరుతున్నారని పెంచల్ విన్నాడు. పాస్‌పోర్టు లేనివాణ్ణి సరిహద్దు దాటనివ్వరు. ఇక సిగ్గు విడిచి, రెండు వేళ్లు చాచి హాలంతా పరుగెత్తాడు. సోఫా వెనక నక్కాడు, ఠాప్ అన్నాడు, తనే లేచి వెళ్లి బొక్క పొడిచాడు. సైనికులు కడుపుబ్బ నవ్వారు. అధికారి నవ్వలేదు. బెల్టు కట్టుకున్నాడు.

దేశం గెలిచినవాడికి కప్పు కూడా కావాలనిపించడం సహజమే. ఆయన పరుగెత్తాడు, వేళ్లు చాచాడు. గాభరాలో పెంచల్ తెల్ల అట్టను పొడిచేశాడు.

"అయ్యయ్యో, అది అమాయకుడు సార్! మార్కులు తగ్గిపోతాయి!"

"అమాయకుణ్ణి కాలిస్తే మార్కులు తగ్గుతాయా?" అధికారి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎప్పటినుంచి?"

"మీకు పెరుగుతాయి లే సార్," అంటూ పెంచల్ నిబంధనలను అక్కడికక్కడే సవరించి కప్పు అందించాడు. పాస్‌పోర్టు చేతికొచ్చింది. పెంచల్ దాన్ని గుండెకు హత్తుకుని భోరున ఏడ్చాడు.

యుద్ధం ముగిసింది. ఊళ్లో పని దొరక్క పెంచల్ మళ్లీ జహ్రా చేరాడు, పాస్‌పోర్టు మళ్లీ, తిరిగొచ్చిన బాబా కొన్న కొత్త బీరువా చేరింది. అతిథులు కూర్చునే గదిలో, తెల్ల అట్టతో సహా, అట్టమనుషులు అద్దాల చట్రాల్లో వేలాడుతున్నారు. ఆక్రమణ రోజుల్లో తాను ఒంటరిగా సాగించిన పోరాటానికి అవే సాక్ష్యమని బాబా పెద్దమనుషుల ఎదుట సెలవిచ్చారు.

"ఏం పెంచల్, నువ్వు చూశావు కదా?"

పెంచల్ బీరువా వైపు చూశాడు. "బాబా గురి యాపొద్దూ తప్పల్యా."

పెద్దమనుషులంతా లేచి చప్పట్లు కొట్టారు. 'తుపాకి ఎక్కడ?' అని అడిగినవాడు మొత్తం మీద ఆ శత్రువొక్కడే. సభ్యత తెలిసినవాళ్లం, మనం అలాంటివి అడగం.