మామగారు పగలగొట్టిన రెండు తలుపులు

ఆ ఆదివారం పొద్దున అల్లుడు ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. మామగారికి గది కట్టాలి. ఇటుకలూ సిమెంటూ అక్కర్లేని గది, కంప్యూటర్ ఆటలో గది. భార్య ముందు రోజే పుట్టింటికి వెళ్ళడంతో ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. టీ గ్లాసు పక్కన పెట్టుకుని, కుర్చీలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఆ ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. మంచు కురిసే అడవిలో జట్టుగా బతకాలి. కట్టెలు కొట్టుకోవాలి, గోడలు లేపుకోవాలి, తోడేళ్ళు చొరబడకుండా తలుపులు బిగించుకోవాలి. ఆదివారం పదింటికి మంచు తుఫాను వస్తుంది. ఆ వేళకు ఇంట్లో ఉన్నవాడు బతికిపోతాడు. బయట ఉన్నవాడు ఉన్నదంతా పోగొట్టుకుని వట్టి చేతులతో మళ్ళీ మొదలుపెట్టాలి. వీళ్ళ జట్టులో నలుగురే. అల్లుడు, అతని భార్య, మామగారు, అత్తగారు. అత్తగారు ప్రాణంగా పెంచుకుంటున్న ఎలుగుబంటి పిల్ల ఒకటి. దాని పేరు బుజ్జిగాడు.

మామా అల్లుళ్ళు కలిసి ఆటలాడుకోవడమేమిటని ముక్కున వేలేసుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు పాత కథ కొంచెం చెప్పాలి. మామగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కూతురు ఒక లిఫ్టు మెకానిక్‌ను తనంతట తానే చూసుకుని పెళ్ళి చేసుకుందని ఆయనకు కోపం. అల్లుడు గుమ్మం దగ్గరికి వస్తే చాలు, తలుపు ధడాలున వేసేసేవారు. ఒకసారి జోరువానలో తడుస్తూ ఎంతసేపు బెల్లు కొట్టినా తియ్యలేదు. అలా ఏళ్ళు గడిచాయి. ఒకరోజు అల్లుడు నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మర్నాడు మామగారు వచ్చారు. ఎలా ఉందని అడగలేదు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. అల్లుడు ఆడుతున్న ఆట కాసేపు చూసి, "ఆ తోడేలు నీ వెనకే ఉంది, చూసుకో" అన్నారు. అల్లుడితో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

కాలు అతుక్కునేసరికి మామగారూ ఆటకు అతుక్కుపోయారు. రోజూ వచ్చేవారు. అల్లుణ్ణి గోడ పట్టించి నడిపించారు, ఆస్పత్రికి తిప్పారు. ఆ వాన సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు. ఆయనకు కృతజ్ఞత చెప్పాలని అల్లుడు చాలాసార్లు నోరు తెరిచాడు. తెరిచినప్పుడల్లా "టీ తాగుతారా?" అనే మాట తప్ప మరోటి వచ్చేది కాదు. అందుకే ఈ గది. అడివంతా కనిపించేలా పెద్ద కిటికీ పెట్టాడు, చలిమంట పెట్టాడు, గోడకు ఒక బోర్డు తగిలించాడు. పనిలో పనిగా పాత కర్ర తలుపులు పీకేసి ఇనప తలుపులు బిగించాడు.

ఆ ఆటలో తలుపులకు ఒక గుణం ఉంది. బిగించినవాడి చేతికి తప్ప మరొకరి చేతికి తెరుచుకోవు. తక్కినవాళ్ళకు తెరుచుకోవాలంటే, బిగించినవాడే తలుపు ముందు నిలబడి ఒక్కొక్కరి పేరూ నొక్కి అనుమతి ఇవ్వాలి. అప్పటికప్పుడు ముగ్గురి పేర్లూ నొక్కేస్తే ఈ కథే లేదు. కానీ అల్లుడికి ముచ్చట పుట్టింది. అందరూ వచ్చాక మామగారిని తలుపు ముందు నిలబెట్టి, మొట్టమొదటి అనుమతి ఆయనకే ఇవ్వాలనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు ఫోను చేశాడు. పక్క వీధి దాటితే ఉన్న పాత అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోయింది. "ఎంత, చిటికెలో పని" అనుకున్నాడు అల్లుడు. ఆట కట్టెయ్యకుండానే లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆటలోని అతని బొమ్మ కాగడా పట్టుకుని, కొత్త గది కిటికీలోంచి బయటికి చూస్తూ అలాగే నిలబడిపోయింది.

లిఫ్టు పని నిజంగానే చిటికెలో అయింది. డాబా మీది మోటారు గదిలో ఒక మాడిపోయిన తీగ మార్చి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పక్కనే నిలబడ్డ వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, తాళంచెవి ఇంకోటి చేయించి మా దగ్గర కూడా ఉంచండి. అవసరానికి ఉంటుంది."

"ఏం అవసరం? నేను లేనా?" అన్నాడు అల్లుడు. ఈ ఒక్క విషయంలో అతను ఎవరి మాటా వినడు. తాళం ఒకరి చేతిలో ఉంటే తాళం, ఇద్దరి చేతుల్లో పడితే సంత అని అతని సిద్ధాంతం.

లిఫ్టు సరిగా నడుస్తోందో లేదో చూద్దామని తానే ఎక్కి బొత్తాం నొక్కాడు. అది బుద్ధిగా కదిలింది. రెండంతస్తుల మధ్యకు వచ్చి, ఒక్క కుదుపు కుదిపి, ఆగిపోయింది. లోపలి తలుపు లాగి చూస్తే ఎదురుగా గోడ.

"సార్! పైన మోటారు గది తెరవమంటారా?" అని వాచ్‌మన్ అరిచాడు.

"తెరువు, తెరువు!"

"తాళంచెవి ఎక్కడుంది?"

"నా జేబులో!"

తర్వాత వాచ్‌మన్ గొంతు నెమ్మదిగా వినిపించింది. "అయితే తాళంచెవి కూడా లిఫ్టులోనే ఇరుక్కుందన్నమాట."

అల్లుడు ఫోను తీశాడు. ఆ ఇనప పెట్టెలో సిగ్నలు దోబూచులాడుతోంది. వచ్చే సందేశాలు వస్తున్నాయి, పోయేవి మాత్రం పోవడం లేదు. అప్పుడే పది కొట్టబోతోంది. కుటుంబం గ్రూపులో మొదటి సందేశం టింగుమంది.

"ఏవండీ, తలుపు తెరుచుకోవట్లేదు. మార్చారా?" అని భార్య అడిగింది.

"నేను లిఫ్టులో ఇరుక్కున్నాను" అని గబగబా కొట్టాడు. సందేశం పక్కన గుండ్రటి గుర్తు గిరగిరా తిరుగుతూనే ఉండిపోయింది.

తర్వాత అత్తగారి సందేశం. "అబ్బాయి లోపలే ఉన్నాడు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు. చెయ్యి ఊపాను. ఊపలేదు."

ఆ తర్వాత మామగారిది. "చూస్తున్నాడు. కళ్ళార్పకుండా నన్నే చూస్తున్నాడు."

"అయ్యో, అది నేను కాదు!" అని లిఫ్టు గోడలతో మొరపెట్టుకున్నాడు అల్లుడు. ముగ్గురూ ఒకే ఇంట్లో, ఒకే గదిలో కూర్చుని ఆడుతున్నారు. అయినా కోపం వస్తే గ్రూపులోనే రాయడం ఆ ఇంటి ఆనవాయితీ.

"ఫోను కలవట్లేదు. నాన్నా, నిన్న ఆయన్ని ఏమన్నా అన్నారా?"

"బండి టైరు అరిగిపోయింది, చూసుకోమన్నాను. అదీ తప్పేనా?"

"టైరుకు ఇంత కోపం రాదు. పాతదేదో గుర్తొచ్చి ఉంటుంది" అని అత్తగారు తేల్చారు.

తర్వాత మామగారి సందేశం ఒక్కటే వచ్చింది. "అదే. ఆ రోజు వాడు వానలో నిలబడ్డాడు, నేను తలుపు తియ్యలేదు. ఇవాళ నన్ను మంచులో నిలబెట్టాడు. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని ఉన్నాడన్నమాట. సరే. మళ్ళీ ఆ గుమ్మం తొక్కను. ఆటలోదీ, అసలుదీ."

అల్లుడు అది రెండుసార్లు చదివాడు. ఆటలో ఇల్లు పోతే మళ్ళీ కట్టుకోవచ్చు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చునే మామగారు పోతే ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? లిఫ్టు తలుపు మీద దబదబా బాదాడు.

"మామగారూ! నేను కాదు మామగారూ!"

"నేను వాచ్‌మన్‌ని సార్" అని బయటి నుంచి ఓదార్పుగా జవాబొచ్చింది. "మీ ఆఫీసుకు చేస్తూనే ఉన్నా. ఆదివారం కదా, ఎత్తట్లేదు."

ఫోను మళ్ళీ టింగుమంది. "బుజ్జిగాడు వణికిపోతున్నాడు. తుఫాను వచ్చేసింది. ఏమండీ, ఏదో ఒకటి చెయ్యండి" అని అత్తగారు రాశారు.

"ఆ డైనమైటు ఇలా తే" అని మామగారు రాశారు.

అల్లుడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. కొండకు సొరంగం తవ్వుదామని జట్టంతా నానా తంటాలు పడి కూడబెట్టిన డైనమైటు అది. ఒక్క పుల్లతో తలుపు ఊడుతుంది. కానీ మామగారు ఏ పనీ అరకొరగా చేసే మనిషి కాదు. కాసేపటికి ఆట నుంచే అల్లుడి ఫోనుకు కబురొచ్చింది. మీరు చనిపోయారు. వెంటనే మరొకటి. మీ ఇల్లు కూలిపోయింది.

గ్రూపులో భార్య ఒక ఫొటో పెట్టింది. పొగలూ మంచూ, బూడిదా. ఒకే ఒక్క గోడ నిలబడి ఉంది. దాని మీద బోర్డు ఓ పక్కకు ఒరిగి వేలాడుతోంది. "మామగారి గది. ఈ తలుపు ఆయనకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. తలుపు తునాతునకలై అడివంతా తెరుచుకునే ఉంది.

ఈసారి మామగారు రాయలేదు, గొంతు పంపారు. ముందు రెండుసార్లు దగ్గు వినిపించింది. తర్వాత కంగారు. "ఇలాంటి బోర్డు పెట్టినవాడు అలా నిలబడి చూడడే! వాడికేదో అయింది. నా బండి తాళం ఎక్కడ పెట్టావు?"

తర్వాతి కబురు భార్య నుంచి. "సూపర్‌వైజరు ఎట్టకేలకు ఫోనెత్తాడు. మీరు వెళ్ళిన అపార్ట్‌మెంటు అడ్రసు దొరికింది. అమ్మా నాన్నా బయల్దేరారు. కంగారుపడకండి. బుజ్జిగాణ్ణి నాకు అప్పగించారు."

అల్లుడు లిఫ్టులో చతికిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. బయట వాచ్‌మన్ "ఎవరండీ మీరు?" అని అడుగుతుండగానే మెట్లమీద ధనధన అడుగుల చప్పుడు వినిపించింది.

"అల్లుడూ! బతికే ఉన్నావా?"

"ఉన్నాను మామగారూ! ఆటలోనే చచ్చిపోయాను!"

"అది నా చేతుల మీదుగానే జరిగింది. తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడేం చెయ్యాలి?"

"పైన మోటారు గది తెరవాలి. తాళంచెవి నా దగ్గర..."

"తాళం పగలగొట్టనా?"

అల్లుడు ఒక్క క్షణం తటపటాయించాడు. తాళమంటే అతనికి ప్రాణం. "కొట్టండి" అన్నాడు నీరసంగా.

"ఏం పరవాలేదు. పొద్దున్నుంచీ నాకిది రెండో తలుపు" అంటూ మామగారు మెట్లెక్కారు.

పైనుంచి ఇనప కడ్డీ మోగింది. తాడు దిగే సందులోంచి ఆయన గొంతు దిగింది. అల్లుడు కింద నుంచి ఒక్కొక్కటే చెప్పాడు. "ముందు మెయిన్ స్విచ్ కట్టెయ్యండి. వాచ్‌మన్‌ని బ్రేకు పిడి పట్టుకోమనండి. మీరు ఆ పెద్ద చక్రం పట్టుకుని మెల్లగా, కుదుపు లేకుండా తిప్పండి."

"చక్రం తిప్పడం నాకు చెబుతున్నావా?"

లిఫ్టు కదిలింది. ఆగిందో లేదో తెలియనంత నిదానంగా, నిండు బస్సును స్టాపులో నిలిపినట్టు తీసుకొచ్చి అంతస్తుకు ఆనించారు. "వచ్చేసింది, ఆపండి!" అని అత్తగారు బయట నుంచి కేకేశారు. అల్లుడు తలుపు లాగాడు. ఎదురుగా మంచినీళ్ళ సీసాతో అత్తగారు నిలబడి ఉన్నారు.

మామగారు దిగి వచ్చారు. చేతులనిండా గ్రీజు, చొక్కానిండా చెమట. మెట్టు మీద కూలబడి, అల్లుడి మొహం చూడకుండా మాట్లాడారు. "ఆ రోజు వానలో నువ్వు నిలబడ్డప్పుడు, నేను తలుపు వెనకే ఉన్నాను. గడియ మీద చెయ్యి కూడా వేశాను. తీశాక ఏమనాలో తెలియలేదు. అందుకే తియ్యలేదు."

అల్లుడు నోరు తెరిచాడు. "టీ..." అని మొదలుపెట్టి, ఆపుకుని, ఈసారి అసలు మాట అనేశాడు. "కాలు విరిగినప్పుడు మీరు రాకపోయుంటే నేను మళ్ళీ లేచేవాణ్ణి కాదు మామగారూ. మీకు రుణపడి ఉంటాను."

"చాల్చాల్లే. తోడేలు వెనక ఉంటే చెప్పకుండా ఎలా ఉంటాను" అన్నారు మామగారు, గ్రీజు చేత్తోనే కళ్ళు తుడుచుకుంటూ. ఆ ముఖం చూసి అత్తగారు నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు.

సాయంత్రం కొత్త తాళం కొని, రెండు తాళంచెవుల్లో ఒకటి వాచ్‌మన్ చేతిలో పెట్టాడు అల్లుడు.

"మీరు లేరా సార్?" అని అడిగాడు వాచ్‌మన్.

"నిజంగానే లేను. లిఫ్టులో ఉన్నాను" అన్నాడు అల్లుడు.

ఇల్లు కూల్చింది తానే కనుక కట్టేదీ తానేనని మామగారు పట్టుబట్టారు. వారమంతా కష్టపడి ముందరికన్నా పెద్ద ఇల్లు లేపారు, ఇనప తలుపు స్వయంగా బిగించారు. మరుసటి ఆదివారం తుఫాను వేళకు అందరూ చేరారు. కూతురు తలుపు ముట్టుకుంటే తెరుచుకుంది. అత్తగారు ముట్టుకుంటే తెరుచుకుంది. వాళ్ళ వెనకే బుజ్జిగాడు కూడా దర్జాగా లోపలికి నడిచాడు. అల్లుడు కట్టెల మోపుతో ఆఖరున వచ్చి తలుపు ముట్టుకున్నాడు. తెరుచుకోలేదు. ఆకాశం తెల్లబడుతోంది. ఫోను చేశాడు.

"మామగారూ, అందరికీ అనుమతి ఇచ్చారా?"

"ఇచ్చానయ్యా. మా ఆవిడకిచ్చాను, అమ్మాయికిచ్చాను. నీకెందుకు వేరే? నువ్వు ఇంటివాడివే కదా!"

అల్లుడికి ఆ మాట ఎంత హాయిగా ఉందంటే, తలుపు సంగతి అడగడమే మరిచిపోయాడు. మామగారు లేచి చేతులు కడుక్కుని టిఫినుకు కూర్చున్నారు. తుఫాను వచ్చింది. అల్లుడు మామగారి గుమ్మంలోనే చలికి బిగుసుకుని చచ్చిపోయాడు, మహా తృప్తిగా.