పిరికి పిన్ని ఉద్యోగం

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, వెనకున్నవాళ్లు కూడా. దెయ్యాల సినిమాలు తీసే ఒక కంపెనీలో భయపడడానికంటూ ఒక ఉద్యోగం ఉండేదనీ, దానికి జీతమూ సెలవులూ కూడా ఉండేవనీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆ ఉద్యోగం చేసినామెను అందరూ పిరికి పిన్ని అనేవారు.

పిన్ని అసలు దర్జీ పని చేసేది. ఆ కంపెనీ దెయ్యాలకు తెల్ల గౌన్లు కుట్టి ఇచ్చేది. ఒకరోజు గౌను అప్పజెప్పడానికి వెళ్లి, చీకటి హాల్లో తెర మీద దెయ్యాన్ని చూసి, కెవ్వున అరిచి నిర్మాత ఒళ్లో పడింది. ఆ దెయ్యం తొడుక్కున్న గౌను ఆమె కుట్టిందే. అంచు వంకర పోయిందని రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టింది కూడా. తన చేతి కుట్టుకు తానే హడలిపోగల మనిషి దొరకడం కళామతల్లి చేసుకున్న అదృష్టమని దర్శకుడు అక్కడికక్కడే ప్రకటించాడు.

అప్పటినుంచి ప్రతి సినిమా విడుదలకు ముందు ఆమెను మొదటి వరుసలో కూర్చోబెట్టేవారు. పక్కనే పుస్తకం పట్టుకుని ఒక గుమాస్తా. ఉలిక్కిపడితే ఒక గీత, చెంగు నోట్లో కుక్కుకుంటే రెండు, అరిస్తే ఐదు. నలభై గీతలు దాటితేనే సినిమాకు మోక్షం. పోస్టర్ల మీద దెయ్యం కంటే పిన్ని బొమ్మే పెద్దదిగా వేసేవారు.

బొద్దింకను చూసి మంచమెక్కే కోడలని ఊరందరికీ చెప్పి నవ్విన అత్తగారు మాట మార్చింది. "మా కోడలిది మీలాంటి భయం కాదు వదినా, జీతమొచ్చే భయం" అని పక్కింటావిడకు వినిపించేది. భర్తయితే తుమ్ము వస్తే వీధిలోకి వెళ్లి తుమ్మి వచ్చేవాడు, అంత విలువైన భయం ఇంట్లో వృథా కాకూడదని.

అంతా సవ్యంగా సాగుతుండగా పిన్నికి తెలివి వచ్చింది. ఆటకూ ఆటకూ మధ్య ఖాళీలో ఆమె వెళ్లి శబ్దాల గదిలో కూర్చునేది. అక్కడ చప్పుళ్ల మావయ్య అనే పెద్దాయన క్యారెట్లు విరిచి ఎముకలు విరగ్గొట్టేవాడు, తడిగుడ్డ పిండి పీకలు పిసికేవాడు.

"భయం తెరమీద ఉండదమ్మాయ్, చెవిలో ఉంటుంది" అన్నాడాయన. "ముందు ఫ్యాను చప్పుడు తీసేస్తా. తర్వాత గడియారం. అన్నీ తీసేశాక నీ గుండె చప్పుడు నీకే వినబడుతుంది. మిగతా పని అదే చూసుకుంటుంది."

కెమెరా అతను కూడా అక్కడే టీ తాగుతూ తన రహస్యం కక్కేశాడు. "హీరోయిన్‌ని ఓ మూలకు నెట్టి, భుజం పక్కన జాగా వదిలేస్తాను పిన్నీ. ఖాళీ కుర్చీ చూస్తే ఎవరో వస్తారనుకోమా? అంతే. ఆ తర్వాత చీమ నడిచినట్టు ముందుకు జరుగుతా. జనమే ఊపిరి బిగబట్టుకుని చస్తారు."

ఇంకేముంది, తర్వాతి సినిమాలో శబ్దం తగ్గగానే పిన్ని గుమాస్తా వైపు తిరిగి, "ఇప్పుడు పిల్లి దూకుతుంది చూడు" అంది. పిల్లి దూకింది. గుమాస్తా ఐదు గీతలకు సరిపడా అరిచాడు. పిన్ని ఆవలించింది.

మర్నాడే కాగితం వచ్చింది. "మీ భయమునందు ఇటీవల నాణ్యత లోపించినట్లు యాజమాన్యం దృష్టికి వచ్చినది. రాబోవు చిత్రమున తగినంత హడలనిచో మీరు ఉద్యోగము నుండి తొలగించబడుదురు." పిన్ని కాగితాన్ని మడిచి చెంగున ముడేసుకుంది. ఉద్యోగం పోతే పోయింది, మళ్లీ బొద్దింక కోడలిగా బతకాలి కదా.

ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. కళ్లు మూసుకుని కూర్చుంటుంది. శబ్దం తగ్గగానే మూడు లెక్కపెట్టి అరుస్తుంది. ఆరోజు నిర్మాత, దర్శకుడు స్వయంగా వచ్చి వెనకే కూర్చున్నారు. సినిమా మొదలైన పది నిమిషాలకే, శబ్దం మీటల దగ్గర కూర్చున్న చప్పుళ్ల మావయ్య మోచెయ్యి తగిలి శబ్దం పూర్తిగా పడిపోయింది. ఒకటి, రెండు, మూడు. పిన్ని గోడలు అదిరేలా అరిచి కళ్లు తెరిచింది.

తెర మీద ఒక తాతగారు టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నాడు.

"ఏం కనబడిందమ్మా అందులో?" అన్నాడు నిర్మాత, మెల్లగా.

పిన్ని తాతగారిని చూసింది, బిస్కెట్టును చూసింది. కళ్లముందు అత్తగారి నవ్వు మెదిలింది.

"అది మళ్లీ పైకి రాదని తెలిసిపోయిందండీ" అంది.

నిర్మాత లేచి నిలబడ్డాడు. "ఇరవై ఏళ్లుగా దెయ్యాలను మేపుతున్నాను. బిస్కెట్టులో ఇంత ఘోరం ఉందని ఒక్క మేధావీ నాతో చెప్పలేదు. ఈ మహాతల్లి చెప్పింది."

ఆ దృశ్యాన్ని మళ్లీ తీశారు. కెమెరా చీమలా పాక్కుంటూ టీ కప్పు దాకా వెళ్లింది. పక్కన బోలెడంత జాగా వదిలారు. మావయ్య ఒక్కొక్క చప్పుడే తీసేసి, చివరికి తడి స్పాంజి నొక్కిన శబ్దం ఒక్కటే ఉంచాడు. ఆ తర్వాత, బుళుక్.

ప్రేక్షకులు వరుసలకు వరుసలు సొమ్మసిల్లారు. తేరుకున్నాక దెయ్యం రాగానే ఊపిరి పీల్చుకుని పాప్‌కార్న్ కొనుక్కోవడానికి బయటికి వెళ్లారు. దెయ్యం వేషగత్తె మనసు విరిగి రాజీనామా ఇచ్చింది. ఆఫీసుల్లో బిస్కెట్టును రెండు సెకన్లకు మించి ముంచరాదని ఉత్తర్వులు వెలువడ్డాయి. ఒక ఆచార్యుడు ఆధునిక మానవుడే ఆ బిస్కెట్టు అని రెండు గంటలు ఉపన్యసించాడు. సభ ముగిశాక ఇచ్చిన టీ ఎవరూ ముట్టలేదు.

పిన్నికి శాలువా కప్పారు, జీతం పెంచారు. ఊరు ఊరంతటిలో ఆ బిస్కెట్టులో ఏమీ లేదని నిశ్చయంగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఒక ఉదయం భర్త పేపరు చదువుతూ, పరధ్యానంగా బిస్కెట్టు టీలో ముంచి అలాగే ఉంచాడు. అత్తగారు గోడవైపు తిరిగిపోయింది. "ఏమీ లేదు, అది మావయ్య మోచెయ్యి" అని పిన్ని తనకు తాను నచ్చజెప్పుకుంది. బిస్కెట్టు కొద్దిగా వంగింది. పక్క వీధి దాకా వినబడేలా పిన్ని పెట్టిన ఆ కేక మాత్రం అచ్చమైన భయం. కబురు తెలిసి కంపెనీ ఆమె ఉద్యోగాన్ని ఖాయం చేసింది.

ఈ కథ గుర్తు పెట్టుకుని నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు ఎక్కడ నవ్వాలో ముందే చెప్పి ఉంచండి. మీ సంగతే చూడండి, పక్కవాళ్ల మొహం చూసుకోకుండా ఇక్కడ ఒక్కరైనా నవ్వారా?